పెట్రోల్ ముల్లు సగం దగ్గరే ఆగిపోతోంది

ప్రశ్న: మా పాత కారులో ముల్లు సగం దాటి కిందికి రాదు. గతుకుల్లో మాత్రం ఒక్కసారిగా పడిపోయి మళ్లీ లేస్తుంది. ట్యాంకు 35 లీటర్లు. హైదరాబాద్ వెళ్తుంటే సూర్యాపేట దాటాక ఒకటే టెన్షన్. మీటరు మార్చాలా?

జవాబు: మీటరు జోలికి ఇప్పుడే వెళ్లకండి. ట్యాంకులో పెట్రోల్ మీద తేలే ఫ్లోటుకున్న తీగ ఒక రెసిస్టర్ (కరెంటును అడ్డుకునే) పట్టీ మీద జారుతుంది, దాన్ని బట్టే ముల్లు కదులుతుంది. ఆ పట్టీ అరిగినా, నల్లబడినా ఇదే తంతు. దాన్ని తీయడానికి చాలా కార్లలో వెనక సీటు కింద మూత ఉంటుంది. పెట్రోల్ ఆవిరితో ఆటలొద్దు, మెకానిక్‌తోనే తీయించండి.

మరో జవాబు: అప్పటిదాకా ట్రిప్ మీటరే దిక్కు. నాజిల్ కట్ అయ్యేదాకా నింపి సున్నా చేయండి. మళ్లీ అలాగే నింపినప్పుడు 300 కిలోమీటర్లకు 20 లీటర్లు పట్టిందనుకోండి, మైలేజీ 15. 35 లీటర్లకు లెక్కకు 525 కిలోమీటర్లు వస్తుంది గానీ, నేనైతే 400కే బంకులోకి తిప్పేస్తా. ఏసీ, ట్రాఫిక్ ఉంటే ఇంకా ముందే.

అడిగినవారు: సరేనండి, ముందు వైరు కనెక్టర్ కూడా చూపిస్తా.