బజారు వీధి పనుల ఎస్టిమేట్ మూడోసారి తిరిగొచ్చింది, ఎక్కడ తప్పు?

శివారు షాపు:
పొద్దుటి నుంచి ఈ కాగితాలతోనే కుస్తీ, తల పగిలిపోతోంది. మా బజారు వీధి 420 మీటర్లు. రెండు వైపులా ప్లాట్‌ఫారం, లైట్లు, డ్రైనేజీ బాగుచేయాలని వ్యాపారుల సంఘం తరఫున అర్జీ పెట్టాం. నమక్కు నామే పథకంలో (జనం కొంత వాటా వేసుకుంటే మిగతాది ప్రభుత్వం పెట్టే తమిళనాడు పథకం) మా వాటా కింద 18 లక్షలు పోగుచేసి ఉంచాం. మూడుసార్లూ ‘సంబంధిత శాఖను సంప్రదించండి’ అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపారు. ఇంకెలా రాయాలి? నమూనా ఉంటే ఎవరైనా పెట్టండి, అర్జెంటు.

కొలతటేపు:
ఏ ఊరు? రోడ్డు ఎవరిది? వెడల్పు ఎంత?

శివారు షాపు:
చెన్నైయే అండీ. రోడ్డు గవర్నమెంటుదే, ఇంకెవరిది?

మల్లేశ్వరం వాకింగ్:
ప్లాట్‌ఫారం ఏమిటి, మీ వీధి రైల్వే స్టేషన్‌ను ఆనుకుని ఉందా? అదైతే రైల్వేవాళ్ల అనుమతి కూడా కావాలి.

పేవర్ పని:
సార్, మద్రాసులో ప్లాట్‌ఫారం అంటే ఫుట్‌పాతే.

మల్లేశ్వరం వాకింగ్:
సరే, అర్థమైంది. అసలు ఇలా పథకాల చుట్టూ తిరిగే బదులు వ్యాపారులే ఏటా కొంత సుంకం వేసుకునే పద్ధతి రావాలి. టొరంటోలో బ్లూర్ వెస్ట్ విలేజ్ వ్యాపారులు 1970లోనే మొదలుపెట్టారు. ఇంగ్లండులో 2003 చట్టం ప్రకారం వ్యాపారులు ఓటు వేస్తారు. ఓటేసినవాళ్లలో సంఖ్యాపరంగానూ, వాళ్ల షాపుల పన్ను విలువ పరంగానూ మెజారిటీ రావాలి. గడువు అయిదేళ్లు, తర్వాత మళ్లీ ఓటింగ్. వీధి ఊడ్చే ఖర్చు, లైట్ల మరమ్మతు అన్నీ అందులోంచే. కట్టడానికి డబ్బు ఎవరైనా ఇస్తారు, నిర్వహణకే ఎవరూ ఇవ్వరు. అసలు సమస్య అది.

కొలతటేపు:
ఇక్కడ ఆ చట్టం లేదు. అడిగింది అది కాదు.

వాననీరు:
శివారు షాపు గారూ, మీ అర్జీలో ‘డ్రైనేజీ’ అని రాశారా? తిరిగి రావడానికి అదొక్కటీ చాలు. గ్రేటర్ చెన్నైలో మురుగు పైపు మెట్రోవాటర్‌ది, వాననీటి కాలువ కార్పొరేషన్‌ది. డ్రైనేజీ అంటే కాగితం చూసినవాళ్లు మురుగు అనుకుని పక్కకు నెడతారు. మీకు కావలసింది ఏదో తేల్చి ‘వాననీటి కాలువ’ అనే రాయండి. మురుగు మూతలు కొత్త ఫుట్‌పాత్ ఎత్తుకు లేపడం మాత్రమే మెట్రోవాటర్ పని, దాన్ని విడిగా అడగండి.

మల్లేశ్వరం వాకింగ్:
అందరూ డ్రైనేజీ అనే అంటారు కదండీ. మాట పట్టుకుని అర్జీ తోసేయడం అన్యాయం.

వాననీరు:
మాట మారితే ఫైలు వెళ్లే టేబులే మారుతుంది బాబాయ్. ఇంకో సంగతి, 18 లక్షలు మూడో వంతు అనుకుంటే పని మొత్తం విలువ 54 లక్షలే. కాంక్రీటు కాలువను అందులో ఇరికించకండి, మొత్తం అదే మింగేస్తుంది. కాలువను కార్పొరేషన్ సొంత పద్దులో అడగండి, ఎమ్మెల్యే నిధి (ఏడాదికి 3 కోట్లు) నుంచి కొంత అడగండి. మీ డబ్బు ఫుట్‌పాత్ పైపనికే ఉంచుకోండి. వరస కూడా ముఖ్యం: ముందు కాలువ, తర్వాత ఈబీ (కరెంటు బోర్డు) కేబుళ్లకు పైపులు, చివర పేవర్లు (నేలకు పరిచే కాంక్రీటు బ్లాకులు). అక్టోబరు వానలు మొదలైతే తవ్వకాలకు అనుమతి ఆపేస్తారు. జనవరిలో మొదలయ్యేలా చూసుకోండి.

పేవర్ పని:
ఎస్టిమేట్‌లో ఊరికే ‘పేవర్ బ్లాక్’ అని రాస్తే సన్నవి దింపుతారు. పేవర్ల భారతీయ ప్రమాణం ఐఎస్ 15658 ప్రకారం మనుషులు నడిచే చోటికి 60 మిల్లీమీటర్ల మందం, ఎం-35 గట్టితనం చాలు. షాపు ముందు సామాను బండి ఎక్కేచోట 80 మిల్లీమీటర్లు, ఎం-40 అడగండి. రెండు వైపులా రెండున్నర మీటర్లంటే 2,100 చదరపు మీటర్లు. 200 బై 100 మిల్లీమీటర్ల బ్లాకులు చదరపు మీటరుకు 50, అంటే 1,05,000. విరుగుడికి 5 శాతం కలపండి. కింద ఇసుక 30 మిల్లీమీటర్లే, ఎక్కువ పోస్తే కుంగుతుంది. బ్లాకులు ఊడేది ఎక్కువగా అంచు దగ్గరే. కర్బు రాయికి (ఫుట్‌పాత్ అంచున నిలబెట్టే రాయి) వెనక కాంక్రీటు ఆన్చకపోతే రాయి జరుగుతుంది, ఆ సందులోంచి ఇసుక వాననీటితో పోతుంది, వరసంతా ఊగుతుంది. కేబుల్ గోతిని కూడా 150 మిల్లీమీటర్ల పొరలుగా దిమ్మిస పెట్టి నింపాలి. ఒక్కసారిగా మట్టి తోసేస్తే మొదటి వానకే గుంట.

పాండీబజార్ పక్కన:
తోపుడు బళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. పట్టణ వ్యాపార కమిటీలో 40 శాతం వాళ్ల ప్రతినిధులే ఉండాలి. డ్రాయింగ్‌లో వాళ్లకు చోటు గీయకపోతే పని మధ్యలో ఆగుతుంది. పూలమ్మే ఆమెను తోసేసి బాగుచేసిన బజారు ఎవరికి?

శివారు షాపు:
వాళ్లను తీయమని మేం అడగలేదమ్మా. సీఎస్ఆర్ డబ్బు (కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టేది) అడిగితే తొందరగా అయిపోతుందని మావాళ్లలో ఒకాయన అంటున్నాడు. నిజమేనా?

కొలతటేపు:
కష్టం. ఆ డబ్బు తీసుకోవాలంటే సంఘానికి కేంద్ర కంపెనీల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ డబ్బు వేటికి వాడొచ్చో చెప్పే కంపెనీల చట్టం షెడ్యూల్ 7లో వీధి సుందరీకరణ అనే పద్దు లేదు. వెడల్పు ఇంకా చెప్పలేదు.

శివారు షాపు:
ఇప్పుడే టేపు పట్టాం. గుడి దగ్గర 12 మీటర్లు, మార్కెట్ మూల దగ్గర 9.4. గుడి నుంచి సిగ్నల్ దాకా హైవేస్ శాఖ బోర్డు ఉంది, ఆ తర్వాత కార్పొరేషన్ అట. బస్సు రెండు వైపులా తిరుగుతుంది.

కొలతటేపు:
ఇది మొదటి పోస్టులో రావలసింది. మీ ఫైలు తిరిగొచ్చింది అందుకే. ఒకే అర్జీలో రెండు శాఖల రోడ్డు ఉంది, హైవేస్ భాగానికి కార్పొరేషన్ పథకం డబ్బు పెట్టలేరు. సిగ్నల్ దగ్గర రెండుగా కోసి రెండు అర్జీలు పెట్టండి. 12 మీటర్ల చోట 7 రోడ్డు, అటూ ఇటూ రెండున్నర సరిపోతుంది. 9.4 దగ్గర రెండున్నర చొప్పున తీస్తే రోడ్డుకు 4.4 మిగులుతుంది, రెండు వైపులా బస్సు అసాధ్యం. కనీస నడక వెడల్పు 1.8కి దిగినా 5.8 మీటర్లే. వన్‌వే చేయాలి, దానికి ట్రాఫిక్ పోలీసుల ఒప్పుదల లేఖ ముందే జతచేయాలి. పేవర్ లెక్క కూడా మళ్లీ వేసుకోండి.

మల్లేశ్వరం వాకింగ్:
వన్‌వే అయితే బండ్ల వేగం పెరుగుతుంది. దాటేచోట రోడ్డునే ఫుట్‌పాత్ ఎత్తుకు లేపమని అడగండి.

వాననీరు:
లేపితే అక్కడ నీళ్లు నిలుస్తాయి. పైవాలు వైపు కాలువలోకి జాలీ పెట్టకుండా లేపకూడదు.

శివారు షాపు:
సిగ్నల్ దాకా ఎన్ని మీటర్లో రేపు కొలుస్తాం. థాంక్స్ అండీ.