కోనసీమలో సముద్రం దగ్గర పది మందికి ఇల్లు కావాలి, ఉండి వచ్చినవాళ్లు చెప్పండి

పెద్దకోడలు (హైదరాబాద్):
అందరికీ నమస్కారం. డిసెంబరు ఆఖర్లో పిల్లల సెలవులకి కోనసీమ వెళ్దామనుకుంటున్నాం. మొత్తం పది మందిమి. అందులో అత్తయ్యగారు, మామయ్యగారు, ముగ్గురు చిన్నపిల్లలు. హోటల్లో తలో గదిలో ఉండడం ఇష్టం లేదు. కొబ్బరితోటలో ఒకే ఇల్లు, అందరం కూర్చుని తినే వసతి, సముద్రం దగ్గరగా ఉంటే చాలు. అంతర్వేది వైపు, ఓడలరేవు వైపు చాలా ఫొటోలు చూశాను, అన్నీ ఒకేలా ఉన్నాయి. అడ్వాన్సు పంపేముందు ఏమేం అడగాలి? మామయ్యగారికి మోకాళ్ల నొప్పులు.

వశిష్ఠ తీరం:
మాది మలికిపురం దగ్గరండి. అన్నిటికంటే ముందు ఆ ఇంట్లో నీళ్లు ఎక్కడివో అడగండి. తీరానికి దగ్గరయ్యేకొద్దీ చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. సబ్బు నురగ రాదు, తలస్నానం చేస్తే జుట్టు అట్టలు కడుతుంది. తాగడానికి టిన్నులు పెడతామంటారు గానీ స్నానాల సంగతి ఎవరూ చెప్పరు. ఉప్పుగాలికి స్విచ్‌బోర్డు స్క్రూలు కూడా తుప్పు పట్టి ఉంటాయి. వీడియో కాల్ చేసి కుళాయి తిప్పి, గీజరు వేసి చూపించమనండి. పెద్దవాళ్లు వస్తున్నారు కాబట్టి దిండి, మలికిపురం, రాజోలు మధ్యలో ఎక్కడైనా దిగి, సముద్రానికి పొద్దున్నే కారులో వెళ్లి రావడం మేలు.

తూర్పుగాలి:
నీళ్ల మాట నిజం. దానికి తోడు చుట్టుపక్కల రొయ్యల చెరువులు ఉన్నాయేమో కూడా అడగండి. మేము తీసుకున్న ఇల్లు ఫొటోల్లో చూస్తే ముందు కొబ్బరిచెట్లు, వెనక నీళ్లు. 'గోదావరి వ్యూ' అని రాశారు. తీరా వెళ్తే ఆ నీళ్లు చెరువులవి. రాత్రంతా చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు తిరుగుతూనే ఉన్నాయి, కిటికీలు మూసినా ఆ చప్పుడు ఆగలేదు. మరుసటి రోజు పక్క చెరువులో రొయ్యల పట్టుబడి. తెల్లవారకముందే లారీలు, ఐసు పెట్టెలు, అరుపులు, వాసన. వాళ్ల పని వాళ్లు చేసుకుంటున్నారు, వాళ్లని అనడానికేం లేదు. ఇల్లు అద్దెకిచ్చినాయన మాత్రం ఆ విషయం ముందే చెప్పాల్సింది. మ్యాప్‌లో ఉపగ్రహ చిత్రం పెట్టుకుని ఇల్లు ఎక్కడుందో చూడండి, గళ్లుగళ్లుగా కనిపించేవన్నీ చెరువులే.

గోదారిపిల్ల:
నాకు మాత్రం సముద్రం హోరు వినబడకపోతే అంతదూరం వెళ్లినట్టే ఉండదు. ఎస్.యానాం వైపు సరుగుడు తోటల దగ్గర ఉన్నాం. ఉప్పు నీళ్లే, అయినా సర్దుకున్నాం. పిల్లలు ఇసుక వదిలి రాలేదు. పిల్లలున్న ఇంటికి సముద్రం నడక దూరంలో ఉండడమే వేరు.

వశిష్ఠ తీరం:
@గోదారిపిల్ల గారూ, పిల్లలున్నారనే నాకు భయం. నది సముద్రంలో కలిసేచోటు, మేము మొగ అంటాం, అక్కడ ఇసుక మేటలు జరిగిపోతుంటాయి. నిన్న మోకాలి లోతున్న చోట ఇవాళ నిలువు లోతు ఉంటుంది. ఆటు మొదలైందంటే నది నీళ్లూ, పోటుకి ఎక్కిన నీళ్లూ కలిసి సముద్రం లోపలికి లాగేస్తాయి, ఈత వచ్చినవాళ్లు కూడా నిలబడలేరు. అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టు చూడండి, నదీ సముద్రం కలిసేది కళ్లారా కనబడుతుంది. కానీ గట్టు మీద నిలబడే చూడండి. స్నానం చేస్తామంటే మొగకి దూరంగా, అక్కడి చేపల వేటగాళ్లని అడిగి, వాళ్లు చూపించిన చోటే దిగండి.

గోదారిపిల్ల:
అది ఒప్పుకుంటానండి. మేమూ అలలు కాళ్లకి తగిలేంతవరకే.

భోజనప్రియ:
వంట సంగతి ఎవరూ చెప్పలేదే. డిసెంబర్లో పులస దొరుకుతుందా?

వశిష్ఠ తీరం:
దొరకదండి. గోదావరికి ఎర్రనీళ్లు వచ్చే రోజుల్లోనే పులస, అంటే జూలై నుంచి సెప్టెంబరు దాకా. డిసెంబర్లో ఎవరైనా పులస పులుసు పెడతామంటే అది ఫ్రిజ్‌లోదైనా అయ్యుండాలి, వేరే చేపైనా అయ్యుండాలి. చందువా, పండుగప్ప, పీతలు అడగండి. ఊళ్లో వంటావిడని మాట్లాడుకుంటే సరుకు మీరే తెచ్చి ఇవ్వండి, కూలి విడిగా ఇవ్వండి. భోజనానికి తలకింత అని మాట్లాడుకున్నచోట కూర తక్కువ, అన్నం ఎక్కువ అవుతుంది.

తోటయజమాని:
నేను ఇల్లు అద్దెకిచ్చేవాణ్ణి. ఎవరూ అడగరు గానీ తప్పకుండా అడగాల్సినది దింపు ఎప్పుడు అయ్యింది అని. రెండు నెలలకోసారి దింపువాళ్లు చెట్లెక్కి కాయలు దింపి, ఎండిన మట్టలు కోస్తారు. దింపు కాని తోటలో చెట్టు కింద మంచం వేసుకుని పడుకుంటామంటే నేను ఒప్పుకోను. ఎండుమట్ట పడ్డా దెబ్బ గట్టిగానే తగులుతుంది, కాయ సంగతి చెప్పక్కర్లేదు. పిల్లలున్నారంటే నేను ఇంటి చుట్టూ చెట్లకి ముందే కాయలు దింపించి, బొండాలు పక్కన పెట్టిస్తాను. మీరు మాట్లాడే యజమానిని కూడా అలా అడగండి, మంచివాడైతే చేస్తాడు.

మామయ్యగారి కోసం ఇంకో మాట. పాత మండువా ఇళ్లు చూడముచ్చటగా ఉంటాయి గానీ ప్రతి గదికీ ఎత్తు గడప, వీధరుగుకి మెట్లు, మరుగుదొడ్డి చాలాచోట్ల పెరట్లో. రాత్రిపూట చీకట్లో పెరట్లోకి వెళ్లాలంటే పెద్దవాళ్లకి కష్టం. తోటల్లో పాములు తిరుగుతాయి, టార్చి లేకుండా దిగకూడదు. గదికి ఆనుకుని వెస్ట్రన్ టాయిలెట్ ఉందో లేదో ఫొటో పెట్టించుకోండి. దోమతెరలు ఎన్ని ఉన్నాయో లెక్క అడగండి. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు నడుస్తాయా, ఒక్క లైట్లేనా అన్నది కూడా.

మా వైపు నుంచి ఒక కోరిక. తోట పక్కన పశువులు కట్టేసి ఉంటాయి, ముసలివాళ్లు ఉంటారు. డీజే బాక్సులు తేవద్దు. బిర్యానీ డబ్బాలు పంట బోదెలో, అంటే చేలకి నీళ్లు పారే చిన్న కాలువలో, పడేయొద్దు, ఆ నీళ్లే చేలోకి వెళ్తాయి.

తూర్పుగాలి:
ఈ చివరి మాటకి నా ఓటు కూడా.

లంకలోడు:
డిసెంబరు మంచి పనే. అక్టోబరు, నవంబరు తుఫాను రోజులు. 1996 నవంబరు తుఫాను చూసిన మా పెద్దవాళ్లు ఆ నెలలో తీరానికి చుట్టాల్ని రానివ్వరు. వరదల్లో అసలు వద్దు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకి చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అంతకంటే చాలా ముందే పి.గన్నవరం వైపు మా లంకల కాజ్‌వేలు మునిగి, రాకపోకలన్నీ పడవల మీదే. వేసవిలో కాలువలు కట్టేస్తారు, పచ్చదనం ఉన్నా కాలువలో నీళ్లుండవు. సంక్రాంతి వారం మాత్రం అద్దెలు ఆకాశంలో ఉంటాయి, ఊళ్లన్నీ వచ్చినవాళ్లతో నిండిపోతాయి. ఆ తర్వాత భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవం, అప్పుడు ఆ రోడ్డంతా జనమే.

పెద్దకోడలు (హైదరాబాద్):
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. నీళ్లు, చెరువులు, దింపు, ఇవేవీ నాకు తట్టేవి కాదు. మలికిపురం వైపు ఒక డాబా ఇల్లు చూశాం. అన్నీ కిందే, మెట్లు లేవు. వీడియోలో కుళాయి కూడా చూపించారు. ఒక్క సందేహం. నరసాపురం దాకా రైల్లో వచ్చి అక్కడ కార్లు మాట్లాడుకుంటాం. పంటు (బండ్లని నది దాటించే పెద్ద పడవ) మీద కార్లతో అవతల సఖినేటిపల్లికి దాటొచ్చా? పిల్లలకి గోదావరి దాటడం చూపించాలని ఉంది.

వశిష్ఠ తీరం:
దాటొచ్చండి, కార్లు ఎక్కించుకుంటారు. కాకపోతే పొద్దున్నే దాటేయండి. గాలి ఎక్కువైనా, నది పోటెత్తినా ఆపేస్తారు, చీకటి పడితే దాన్ని నమ్ముకోవద్దు. ఆగిపోతే పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాటి దిండికి వచ్చేయండి, మలికిపురం అక్కడికి దగ్గరే. కారు పంటు ఎక్కేటప్పుడు పెద్దవాళ్లనీ పిల్లల్నీ ముందే దింపేసి నడిపించండి, పలక వాలుగా ఉంటుంది. మామయ్యగారిని ఇద్దరు పట్టుకోండి.