ముఖానికి పంచదార స్క్రబ్: మంచిదా, చెడ్డదా?

మల్లెపందిరి:
అందరికీ నమస్తే. మా పెద్దమ్మ కూతురి పెళ్లి ఇంకో రెండు వారాల్లో ఉంది. ఎండల్లో ఆఫీసుకి తిరిగి ముఖం బాగా నల్లబడింది, ముక్కు పక్కన బ్లాక్‌హెడ్స్ కూడా ఉన్నాయి. ఫ్రెండ్ ఒక ప్యాక్ చెప్పింది. రెండు చెంచాల పంచదార, చెంచా తేనె, అర చెక్క నిమ్మరసం కలిపి ముఖానికి పట్టించి, పది నిమిషాలు ఉంచి, గుండ్రంగా రుద్ది కడిగేయాలట. ట్యాన్ మొత్తం పోతుందంటోంది. అమ్మేమో పంచదార వద్దు, సున్నిపిండి పెట్టుకో అంటోంది. గడ్డం మీద రెండు మూడు మొటిమలు, పాత మచ్చలు ఉన్నాయి. వాడినవాళ్లు చెప్పండి, చేసుకోవచ్చా?

కాజాప్రియ:
నిరభ్యంతరంగా చేసుకోండి. నేను కాలేజీ రోజుల నుంచి టమాటా చెక్కను పంచదారలో అద్ది ముఖానికి రుద్దుకుంటున్నాను. కడిగాక చెయ్యి వేస్తే ముఖం ఎంత నున్నగా ఉంటుందో! ఒకప్పుడు ట్యూబుల్లో వచ్చే స్క్రబ్బుల్లో ప్లాస్టిక్ పూసలు ఉండేవి. అవి నదుల్లో, సముద్రాల్లో చేరుతున్నాయని అమెరికాలో 2015లో చట్టం చేసి మరీ ఆపించారు. పంచదారతో ఆ గొడవే లేదు, నీళ్లు పోస్తే కరిగిపోతుంది. పైగా చర్మం పై పొర తీయడానికి (పీలింగ్) డాక్టర్లు వాడే గ్లైకాలిక్ యాసిడ్ చెరకు నుంచే వస్తుంది. అది పంచదారలో సహజంగా ఉంటుంది కాబట్టే మెరుపు వస్తుంది. వేలకు వేలు పోసి పీలింగ్ చేయించుకునే బదులు వంటింట్లో డబ్బా తెరిస్తే చాలు.

పార్లర్‌అక్క:
కాజాప్రియ గారూ, ప్లాస్టిక్ పూసల విషయం నిజమే. గ్లైకాలిక్ యాసిడ్ మాట మాత్రం సరికాదండీ. చెరకు రసంలో అది ఉంటుంది. మన వంటింట్లో పంచదారేమో శుద్ధి చేసిన సుక్రోజ్. దాన్ని ముఖానికి పెట్టుకుంటే గ్లైకాలిక్ యాసిడ్ అయిపోదు. అది చేసేదల్లా ఒరిపిడి. ఒరిపిడి వల్ల పైనున్న మృతకణాలు రాలతాయి, రక్తప్రసరణ పెరుగుతుంది, నున్నటి చర్మం మీద వెలుతురు పడి మెరుస్తుంది. మీకు కనిపించే మెరుపు అదే.

విజయవాడలో పార్లర్ నడుపుతున్నాను. పెళ్లిళ్ల సీజన్ వస్తే చాలు, ఇంట్లో పంచదార రుద్దుకుని బుగ్గ మీద మచ్చలతో వచ్చే అమ్మాయిలను చూస్తుంటాను. ముందు ఎర్రగా గీతలు పడతాయి. మన రంగులో ఆ ఎరుపు సరిగ్గా కనబడదు, కాస్త మంటే కదా అని ఊరుకుంటారు. వారం పది రోజులు తిరిగేసరికి అదే చోట గోధుమరంగు మచ్చ తేలుతుంది. తెల్లతోలు వాళ్లకి ఎరుపు వచ్చి పోతుంది. మనకి చర్మం కందినా, గీసుకున్నా, మొటిమ గిల్లినా ఆ జాగాలో చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎక్కువగా తయారై నలుపు మిగులుతుంది. అది పోవడానికి నెలలు పడుతుంది. మంగు మచ్చలున్న వాళ్లకైతే ఒరిపిడి వల్ల అవి ఇంకా ముదురుతాయి. అందుకే ఈ చిట్కా నాకు నచ్చదు. రెండు వారాల్లో పెళ్లి పెట్టుకుని చేసే పని అసలే కాదు.

ఒక్కసారి అరచేతిలో నాలుగు పంచదార పలుకులు వేసుకుని లైటు కింద పెట్టి చూడమ్మా మల్లెపందిరీ. అంచులు గాజుముక్కల్లా పదునుగా, మూలలు తేలి ఉంటాయి. ఆ పలుకును బుగ్గ మీద వేలితో నొక్కి తిప్పితే ఏమవుతుందో నువ్వే ఆలోచించు.

డాలస్‌కోడలు:
పలుకు అంటే గుర్తొచ్చింది. యూట్యూబులో వచ్చే ఇంగ్లీష్ వీడియోల్లో వాడేది మన కిరాణా కొట్టు పంచదార కాదండీ. ఇక్కడ చాలామంది బ్రౌన్ షుగర్‌తో చేస్తారు. అది సన్నగా, బెల్లపు పాకం తగిలి తడితడిగా, చేతికి మెత్తగా ఉంటుంది. మన ఊళ్లో బస్తాల మీద ఎం-30, ఎస్-30 అని గ్రేడు వేసి ఉంటుంది చూడండి. అందులో ఎం అంటే ఎస్ కన్నా పెద్ద పలుకు. మా అత్తగారింట్లో దొరికే ఎం రకాన్ని ఇక్కడి పంచదార పక్కన పెడితే తేడా కంటికే తెలుస్తుంది. వీడియో చూసి కొలతలు రాసుకుంటాం గానీ పలుకు సైజు ఎవరూ చెప్పరు.

భౌతికంబాబు:
పార్లర్‌అక్క మాటల్లో కొన్నిటితో ఏకీభవిస్తాను, అన్నిటితో కాదు. స్క్రబ్ అంటే చర్మం మీద కంటికి కనబడని చీలికలు పడతాయని నెట్‌లో అందరూ రాసేస్తుంటారు. 2016లో అమెరికాలో సెయింట్ ఐవ్స్ ఆప్రికాట్ స్క్రబ్ మీద ఇదే ఆరోపణతో కేసు వేశారు. అందులో వాడేది అక్రోటుకాయ పెంకు పొడి, పంచదార కన్నా గట్టిది. ఆ చీలికల వల్ల హాని జరిగినట్టు ఆధారాలు చూపలేకపోయారని 2018లో జడ్జి కంపెనీ వైపే తీర్పిచ్చారు. అది మంచి స్క్రబ్ అని నేననడం లేదు. కానీ ‘పంచదార తాకితే చర్మం చీలిపోతుంది’ అని జనాన్ని భయపెట్టడానికి సరైన రుజువు లేదు.

ఇంకోటి. పెంకు పొడి ఎంత రుద్దినా అరగదు, పంచదార అలా కాదు. గది వేడిలో వంద గ్రాముల నీటిలో దాదాపు రెండు వందల గ్రాముల పంచదార కరుగుతుంది. తడి ముఖం మీద వేసిన పలుకు కాసేపటికే గుండ్రబడి చిన్నదైపోతుంది. తనంతట తానే ఆగిపోయే స్క్రబ్ ఇది. ఒత్తిడి పెట్టకుండా, ముక్కు మీదా గడ్డం మీదా అర నిమిషం చేస్తే ఆరోగ్యమైన చర్మానికి ఏమవుతుంది? అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ కూడా స్క్రబ్ వాడేవాళ్లకి చెప్పేది అదే. సుమారు ముప్ఫై సెకన్లు, మెల్లగా, చిన్న చిన్న వలయాలుగా, తర్వాత గోరువెచ్చని నీళ్లతో కడుక్కోమని. పూర్తిగా వద్దని చెప్పలేదు.

పార్లర్‌అక్క:
కరుగుతుందన్న పాయింటు బాగుంది బాబూ, దాని గురించే మాట్లాడుకుందాం. ఆ పిల్ల రాసిన ప్యాక్‌లో నీళ్లెక్కడున్నాయి? తేనెలో ఉండే తేమ నూటికి పద్దెనిమిది పాళ్లు. మిగతాదంతా దాదాపు చక్కెరలే. ఆ తేనెకి ఇంకా పంచదారను కరిగించే ఓపిక ఉండదు. అర చెక్క నిమ్మరసం కాస్త కరిగిస్తుంది, మిగతా పలుకులు అలాగే ఉంటాయి. కొబ్బరినూనెలో కలిపేవాళ్లున్నారు, నూనెలో పంచదార అసలే కరగదు. కాబట్టి మీరు చెప్పిన ‘తనంతట తానే ఆగిపోవడం’ జరగదు. మొదటి రుద్దు నుంచి చివరి రుద్దు దాకా పదును అలాగే ఉంటుంది. పైగా నూనె జారుడు వల్ల ఎంత గట్టిగా రుద్దుతున్నామో చేతికి తెలియదు.

అర నిమిషం మాట పుస్తకంలో బాగుంటుంది. ఇంట్లో ఎవరు గడియారం పెట్టుకుని చేస్తారు? ట్యాన్ పోవాలి అనుకున్నవాళ్లు నలుపు ఎక్కడుంటే అక్కడ ఇంకాస్త రుద్దుతారు. ట్యాన్ పైన పేరుకున్న మురికి కాదు కదా. ఎండ నుంచి కాపాడుకోవడానికి చర్మం లోపలి పొరలో తయారుచేసుకున్న రంగు అది. పొర పైకి వచ్చి రాలడానికి నెల దాకా పడుతుంది. ఎండకి అడ్డు పెట్టకుండా ఎంత రుద్దినా మళ్లీ వస్తుంది.

నిమ్మకాయ సంగతి వేరే. దాని పీహెచ్ (ఆమ్లం కొలత, అంకె తగ్గేకొద్దీ ఘాటు ఎక్కువ) రెండు చిల్లర, మన చర్మానిది అయిదు దరిదాపు. గీసుకున్న చర్మం మీద అది పడితే మంట. రసం మిగిలిన ముఖంతో ఎండలోకి వెళ్తే కొందరికి బొబ్బలు, తర్వాత నెలల తరబడి నల్లటి చారలు. మన ఊరి ఎండలో ఆ రిస్కు ఎందుకు?

భౌతికంబాబు:
తేనె, నూనె విషయంలో మీరు చెప్పింది కరెక్టే అక్కా, నేను నీళ్ల లెక్కలోనే మాట్లాడాను. అయితే దానికి విరుగుడుంది. పెరుగుతో కలపాలి, లేదా వేళ్లు బాగా తడి చేసుకుని మిక్సీ పట్టిన పంచదార వాడాలి. నిమ్మకాయ మాత్రం నేనూ వద్దంటాను. నా వాదన ఒకటే, తప్పు పద్ధతిని తిట్టండి, వస్తువును కాదు.

పెసరపిండి:
మా అమ్మమ్మ కాలం నుంచి సున్నిపిండే. పెసలు, శనగపప్పు, బావంచాలు, కస్తూరి పసుపు వేసి మరపట్టించి, నూనె రాసుకున్నాక నలుగు పెట్టుకునేవాళ్లం. మచ్చలు ఎవరికొచ్చాయి?

పార్లర్‌అక్క:
మెత్తగా జల్లించిన పిండి తడికి ముద్దయిపోతుంది, అందుకే బాధ తక్కువ. బరకగా పట్టించి, ఎండిపోయాక గోకి తీస్తే అదీ స్క్రబ్బే. బావంచాలు మాత్రం ముఖానికి వద్దమ్మా. ఎండ తగిలినప్పుడు చర్మాన్ని నల్లబరిచే గుణం వాటిలో ఉంది. బొల్లి మచ్చలకి వైద్యంలో వాడేది అందుకే.

కాజాప్రియ:
ఇన్నేళ్లుగా నాకు ఏమీ కాలేదు కదండీ. దానికేమంటారు?

పార్లర్‌అక్క:
మీకు మొటిమలు లేవేమో, చెయ్యి తేలికేమో. టమాటా చెక్కలో తడి ఉంది కాబట్టి పంచదార చాలా వరకు కరిగిపోయి ఉంటుంది. మీకు పడింది, సంతోషం. కానీ ఈ పిల్ల గడ్డం మీద మొటిమలున్నాయని రాసింది. మొటిమ మీద పంచదార రుద్దితే పైకప్పు ఊడి, వాపు పెరిగి, మచ్చ ఖాయం.

మందులషాపు:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. ఫార్మసిస్టుని. పంచదార గురించి ఇంతసేపు మాట్లాడారు గానీ, మల్లెపందిరి గారు ముఖానికి ఇప్పటికే ఏం రాస్తున్నారో ఎవరూ అడగలేదు. మా కౌంటర్ దగ్గర రోజూ చూస్తాను. తెల్లబడే క్రీమ్ అని పక్కింటివాళ్లు చెప్పిన ట్యూబు పేరు చెప్పి అడుగుతారు. అందులో స్టెరాయిడ్ ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, చిన్న రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి, మొటిమలు వస్తాయి. అలాంటి ముఖం మీద మెత్తటి స్క్రబ్ కూడా ప్రమాదమే. ఇవి విచ్చలవిడిగా అమ్ముడవుతున్నాయనే 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది. అయినా చీటీ లేకుండా అడిగేవాళ్లు తగ్గలేదు. మొటిమలకి అడాపలీన్, ట్రెటినాయిన్ లాంటివి రాసేవాళ్లు కూడా స్క్రబ్ జోలికి వెళ్లకూడదు. అమ్మా, మీరు ఏ క్రీమ్ వాడుతున్నారు? ట్యూబు వెనక్కి తిప్పి పేర్లు చదవండి.

మల్లెపందిరి:
ఇప్పుడే చూశానండీ. ఆఫీసులో ఒకావిడ ఇచ్చిన ట్యూబు, చలికాలం నుంచి రాత్రిళ్లు రాస్తున్నాను. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటసోన్ అని ఉంది. ఈ మధ్య ఎండలోకి వెళ్తే బుగ్గలు చురుక్కుమంటున్నాయి కూడా. వెంటనే ఆపేయనా?

మందులషాపు:
మొమెటసోనే ఆ స్టెరాయిడ్. మంగు మచ్చలకి డాక్టరు చూసి, కొద్ది వారాలకి రాసే మందు ఈ ట్యూబు, ఇన్ని నెలలు సొంతంగా రాసేది కాదు. మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపితే కొందరికి ముఖం ఎర్రగా కంది, మండి, మొటిమలు ఒక్కసారే లేస్తాయి. ఈ వారంలోనే స్కిన్ డాక్టర్‌కి ట్యూబు తీసుకెళ్లి చూపించండి. ఎలా తగ్గించాలో, ఎప్పుడు ఆపాలో ఆయన చెప్తారు. అప్పటిదాకా పంచదార, నిమ్మకాయ, సున్నిపిండి, బ్లీచ్, ఫేషియల్ ఏదీ వద్దు. పగటిపూట సన్‌స్క్రీన్, బయటికి వెళ్తే గొడుగు.

భౌతికంబాబు:
నేను చెప్పిన అర నిమిషం లెక్క ఏ మందూ రాయని ఆరోగ్యమైన చర్మానికే. మల్లెపందిరి గారూ, ఈ ట్యూబు రాస్తున్నన్నాళ్లూ మీకు పెరుగుతో కలిపినా వద్దు.

పార్లర్‌అక్క:
ట్యూబు ఇచ్చినావిడకి కూడా ఈ మాట చెప్పు తల్లీ, ఆమె ఎన్నాళ్లుగా రాస్తోందో. పెళ్లికి మేకప్ వేసే అమ్మాయికి ముందే చెప్పు, ముఖం సున్నితంగా ఉందని, బేస్ వేసే ముందు స్క్రబ్ చెయ్యొద్దని. మోచేతులు, మోకాళ్లు, మడమలకి పంచదార రుద్దుకోవాలనిపిస్తే రుద్దుకో. అక్కడి చర్మం మందం, నాకేం అభ్యంతరం లేదు.