రాత్రి ప్రార్థనలో మనల్ని మనం పరీక్షించుకుంటే చాలదా? ఇంకో మనిషి కావాలా?

గాజువాక సిస్టర్:
అందరికీ వందనాలు. మొన్న బైబిల్ స్టడీలో యిర్మీయా 17:9 వచ్చింది, హృదయం అన్నిటికంటే మోసకరమైనదని. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. రాత్రి మోకరించి నన్ను నేను పరీక్షించుకునేది కూడా ఆ హృదయంతోనే కదా? ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) తీసుకునే ముందు ఎవరిని వారు పరీక్షించుకోవాలని 1 కొరింథీ 11లో ఉంది. ఆ పరీక్షలో నేను ప్రతిసారీ పాసవుతున్నాను. అదే నా అనుమానం.

మర్రిపాలెం బ్రదర్:
దేవుడు ఒక్కడే చాలు సిస్టర్. 139వ కీర్తన చివర దావీదు రాజు అడిగింది అదే, నన్ను పరిశోధించి నా హృదయాన్ని తెలుసుకో అని. మనుషుల దగ్గరకు వెళ్లమని అక్కడ లేదు. వాక్యం చదివి మౌనంగా కూర్చుంటే పరిశుద్ధాత్మే చూపిస్తాడు.

కూర్మన్నపాలెం రిటైర్డ్:
బ్రదర్, ముప్పై ఏళ్లు నేనూ అలాగే అనుకున్నాను. స్టీల్ ప్లాంటులో చేశాను. సి షిఫ్టు దిగి తెల్లారి ఇంటికొచ్చినా డైరీ రాసి, ప్రార్థన చేసుకుంటే గానీ పడుకునేవాణ్ని కాదు.

నాన్నగారు పోయాక ఆనందపురం దగ్గరున్న 200 గజాల స్థలం నా ఒక్కడి పేరు మీదకు మార్పించుకున్నాను. అమ్మ వైద్యానికి అక్కరకొస్తుందని తమ్ముడి చేత సంతకం పెట్టించాను. అమ్మ పోయింది, స్థలం నా దగ్గరే ఉండిపోయింది. అమ్మను చూసింది నేనే కదా, వాడు హైదరాబాద్‌లో బాగానే ఉన్నాడు కదా అని సర్దిచెప్పుకున్నాను. వాడు మా ఇంటికి రావడం మానేశాడు.

కిందటి నెల కుటుంబ ప్రార్థనలో 2 సమూయేలు 12 చదివాం. దావీదు ఇంకొకడి భార్యను తీసుకుని, అతన్ని చంపించాక, నాతాను ప్రవక్త వచ్చి ఒక పేదవాడి గొర్రెపిల్లను ధనవంతుడు లాక్కున్న కథ చెబితే, అది తన కథేనని తెలియక దావీదు మండిపడతాడు. మా అమ్మాయి అడిగింది, "నాతాను వచ్చేదాకా దావీదు ప్రార్థన మానేశాడా నాన్నా, చేస్తూనే ఉన్నాడా?" అని. నోట మాట రాలేదు.

ఆ రాత్రి పాత డైరీలు తీశాను. ఒకే వాక్యం పదకొండు చోట్ల కనబడింది. "ప్రభువా, తమ్ముడి మీద నాకున్న చేదు తీసివేయి." ఒకచోట నీలం ఇంకు, ఇంకోచోట నల్ల ఇంకు, అంతే తేడా. స్థలం అన్న మాట ఒక్కచోటా లేదు. ఆ ప్రార్థన చాటునే దాక్కున్నాను ఇన్నేళ్లూ.

కాయితం తీసుకుని లెక్క వేశాను. అమ్మ ఆసుపత్రికి, మందులకు అయింది మూడు లక్షల లోపే. స్థలం విలువ దానికి ఎన్నో రెట్లు. ఆ కాయితం వంటింట్లోకి తీసుకెళ్లి మా ఆవిడకు చదివి వినిపించాను. ఆవిడ స్టవ్ కట్టేసి విని, "అందులో మీ తమ్ముడు పంపిన యాభై వేలు కూడా ఉన్నాయి" అంది. అది నాకు గుర్తే లేదు. ఒంటరిగా ఎన్నిసార్లు లెక్కేసినా అది బయటకు వచ్చేది కాదు.

అందుకే చెబుతున్నాను సిస్టర్, ఎలా అనిపించిందో రాయకండి. ఏం చేశాం, ఎవరికి, ఎంత, అది రాయండి. పన్నులు వసూలు చేసే జక్కయ్య కూడా ప్రభువు ముందు అంకెలతోనే మాట్లాడాడు, ఆస్తిలో సగం, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు అని. రాసింది ఒక్కరికైనా చదివి వినిపించండి.

ఎంవీపీ కాలనీ సిస్టర్:
అంకుల్, మీకు ఆంటీ ఉన్నారు. నేను ఒక విషయం మా సంఘంలో పెద్దావిడకు చెప్పుకుంటే, శుక్రవారానికల్లా అది ఉపవాస కూడికలో ప్రార్థన అంశం అయింది. పేరు చెప్పలేదు, కానీ అందరూ నావైపే చూశారు. యాకోబు 5:16లో ఒకరితో ఒకరు ఒప్పుకోమని ఉంది, నిజమే. నోట్లో మాట దాచుకోగల ఆ ఒకరు ఎక్కడున్నారు?

ఇంకోటి. మా అమ్మ రోజంతా తనను తాను నిందించుకుంటూనే ఉంటుంది. అన్నం మాడినా తన పాపమే అంటుంది. దాన్ని నిజాయితీ అంటే నేను ఒప్పుకోను.

వన్‌టౌన్ నుంచి:
మాది రాస్ హిల్ దగ్గర, కథోలికులం. పాపసంకీర్తనంలో, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు, విన్నది ఆయన ఎవరికీ చెప్పకూడదు, ఏ పరిస్థితిలోనూ. ఆ ధైర్యంతోనే నోరు విప్పగలం. అయినా అక్కడ కూడా చిన్నవి చెప్పి పెద్దవి మింగేసిన రోజులు నాకున్నాయి.

మీ అమ్మగారి సంగతికి ఒక మాట. 16వ శతాబ్దంలో ఇగ్నేషియస్ లొయోలా (విజయవాడ లొయోలా కాలేజీకి ఆయన పేరే) ఆత్మపరిశీలనకు ఐదు మెట్లు చెప్పారు. మొదటిది దేవుడు చేసిన మేళ్లకు కృతజ్ఞత. రెండోది వెలుగు అడగడం. గంట గంటకీ రోజును తిరగేసుకోవడం ఆ తర్వాతే. అమ్మగారితో ఆ మొదటి మెట్టు దగ్గరే కొన్నాళ్లు కూర్చోండి.

మర్రిపాలెం బ్రదర్:
ఒకటి ఒప్పుకుంటాను. నాతానును పంపింది దేవుడేనని ఆ అధ్యాయం మొదటి వచనంలోనే ఉంది. కానీ దావీదు అతన్ని పిలిపించలేదు. మన నాతాను ఎవరో మనమే ఎంచుకుంటే, మనకు నచ్చే మాట చెప్పేవాణ్నే ఎంచుకుంటాం.

గాజువాక సిస్టర్:
ఇప్పుడు నా భయం అదే. అంకుల్, ఇంతకీ తమ్ముడు గారు ఏమన్నారు?

కూర్మన్నపాలెం రిటైర్డ్:
ఫోన్‌లో చాలాసేపు మాట్లాడలేదమ్మా. తర్వాత "సర్వే నంబరు పంపు అన్నయ్యా" అన్నాడు. అంతే. సోమవారం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్తున్నాం. లాయర్ని తెచ్చుకుంటానన్నాడు. తెచ్చుకోమన్నాను.