‘సవరించిన జనన ధ్రువపత్రం’ అనవచ్చునా?

తన భర్త వైపు ఆంగ్ల పూర్వీకుల చరిత్రను తెలుగులో రాస్తున్న ఒక సభ్యురాలు, ఇంగ్లండులో రెండోసారి నమోదైన జననానికి ఇచ్చే పత్రాన్ని ‘సవరించిన జనన ధ్రువపత్రం’ అనవచ్చునా అని అడిగారు. అనకూడదని నా అభిప్రాయం. ఆ మాట వాడితే పాత నమోదునే సరిచేశారనుకుని, పాఠకుడు ఆ పత్రం కోసం తప్పు సంవత్సరంలో వెతుకుతాడు.

ఇంగ్లండు, వేల్స్‌లలో జననాల పౌర నమోదు 1837 జూలైలో మొదలైంది. తల్లిదండ్రులకు పెళ్లి కాకపోతే సాధారణంగా తండ్రి పేరు రాసే గడి ఖాళీగా ఉండేది. వారు తరువాత పెళ్లి చేసుకున్నా, అంతకుముందు పుట్టిన బిడ్డను ఆంగ్ల న్యాయం చట్టబద్ధ సంతానంగా అంగీకరించేది కాదు. 1926 నాటి చట్టం 1927 జనవరి 1న అమలులోకి వచ్చి, తల్లిదండ్రుల వివాహంతో ఆ బిడ్డకు చట్టబద్ధత కలిగించి, జననాన్ని మళ్లీ నమోదు చేసే వీలు కల్పించింది. అయితే బిడ్డ పుట్టిన నాటికి తల్లిదండ్రులలో ఎవరికైనా వేరొకరితో వివాహబంధం ఉంటే ఈ వీలు వర్తించేది కాదు. ఆ అడ్డంకిని 1959 చట్టం తొలగించింది.

ఉదాహరణకు 1920లో పుట్టిన బిడ్డ తల్లిదండ్రులు 1924లో పెళ్లి చేసుకుని, 1931లో జననాన్ని మళ్లీ నమోదు చేయించారనుకుందాం. అప్పుడు తండ్రి పేరుతో ఒక కొత్త పద్దు ఏర్పడుతుంది, అది 1931లో నమోదైన జననాల పేర్ల పట్టికలోకి, అంటే ఆ ఏటి సూచికలోకి (ఇండెక్స్) చేరుతుంది. పుట్టిన తేదీ మాత్రం 1920దే. సూచికను మాత్రమే చూసినవారు అదే పేరుగల మరో బిడ్డ పదకొండేళ్ల తరువాత పుట్టినట్లు పొరబడతారు. పాత పద్దును ఎవరూ చెరిపివేయరు. జననం మళ్లీ నమోదైందని దాని అంచున రాస్తారు, అంతే.

సవరణ దీనికి భిన్నమైనది. పేరులోనో తేదీలోనో తప్పు దొర్లితే, రాసినదాన్ని కదిలించకుండా, సరైన వివరాన్ని అదే పద్దు అంచున చేర్చి సంతకం చేస్తారు. మన దేశపు 1969 జనన మరణాల నమోదు చట్టం 15వ సెక్షన్ కూడా మూల పద్దును మార్చకుండా అంచునే సరిచేయాలని చెబుతుంది. అందుకే ‘దిద్దుబాటు’ అనే మాట కూడా ఇక్కడ నాకు నచ్చదు. దిద్దడమంటే, పలక మీద అక్షరాలు దిద్దినట్లు, ఉన్న రాతపైనే రాయడం. రిజిస్టరులో చేయకూడనిది సరిగ్గా అదే.

కనుక అంచున చేసే మార్పుకు ‘సవరణ’, రెండోసారి నమోదుకు ‘పునర్నమోదు’, దానివల్ల ఏర్పడే కొత్త నమోదుకు ‘మరుజన్మ’, ‘మరునాడు’ మాటల దారిలో ‘మరుపద్దు’ అని ప్రతిపాదిస్తున్నాను.

ఒక సభ్యుని వ్యాఖ్య: ‘పునర్’ సంస్కృతం, ‘నమోదు’ ఉర్దూ నుంచి వచ్చిన మాట. వీటిని కలిపితే వైరి సమాసం కాదా? పైగా ‘మరుపద్దు’ చెవికి ‘మరువద్దు’ అన్నట్లే వినిపిస్తోంది.

నా సమాధానం: రెండో అభ్యంతరం సమంజసమైనది, గట్టిగా చదివినప్పుడు నాకూ అలాగే వినిపించింది, కనుక ‘మరుపద్దు’ను విరమించుకుంటున్నాను. ‘కొత్త పద్దు’ చాలు. మొదటిదానిలో వ్యాకరణం మీ పక్షానే ఉన్నా, ‘నమోదు’కు బదులుగా సంస్కృత పదాన్ని తెస్తే కార్యాలయాలలో రోజూ వినే మాటను వదులుకోవలసి వస్తుంది. అది ఇష్టం లేనివారు ‘మళ్లీ నమోదు చేశారు’ అని క్రియగా రాయవచ్చు. ప్రశ్న అడిగిన సోదరికి మరొక విన్నపం: ఆ బిడ్డను ‘అక్రమ సంతానం’ అని ఎక్కడా రాయకండి, ‘తల్లిదండ్రుల వివాహానికి ముందు పుట్టిన’ అంటే విషయమంతా తెలుస్తుంది. పై ఉదాహరణనే తీసుకుంటే మీ వాక్యం ఇలా ఉండవచ్చు: “తల్లిదండ్రుల వివాహానికి ముందు 1920లో పుట్టిన ఈయన జననాన్ని 1931లో పునర్నమోదు చేశారు, పాత పద్దు 1920 రిజిస్టరులో అలాగే ఉంది.”