రెండున్నర వేల మందికి సొంత మున్సిపాలిటీ ఎలా నడుస్తుంది?

పామూరువాసి:
అందరికీ నమస్తే. మండల పరిషత్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. మా మేనల్లుడు పోర్చుగల్ దక్షిణాన అల్గార్వ్‌లో హోటల్ పనిలో ఉన్నాడు. అక్కడి అల్కోతిం మున్సిపాలిటీ సంగతి చెప్పాడు. 575 చదరపు కిలోమీటర్లట, 2021 జనాభా లెక్కల్లో దాదాపు 2,500 మందేనట. మా పామూరు ఊళ్లోనే దానికి ఎన్నో రెట్ల జనం! అంత కొద్దిమందికి పాలన ఎలా? కలెక్టరు, ఎమ్మార్వో ఉంటారా? డబ్బు ఎక్కడిది?

ఫారోలో కావలి:
నమస్తే సార్. అల్కోతిం గ్వాదియానా నది ఒడ్డున ఉంది. అవతలి ఒడ్డు స్పెయిన్, అక్కడి సాన్‌లూకర్ ఊరు ఎదురుగా కనిపిస్తుంది. స్పెయిన్ గడియారం మాత్రం గంట ముందుంటుంది. అక్కడ వంతెన లేదు, పడవలో దాటాలి. లోపలంతా కొండలు, రాతినేల, దూరదూరంగా పల్లెలు. వయసులో ఉన్నవాళ్లు సముద్రం వైపు పనులకు వెళ్లిపోయారు. 2011లో 2,917 మంది ఉండేవారు.

కలెక్టరు లేరండి. జిల్లాకు సివిల్ గవర్నర్లు ఉండేవారు, 2011 తర్వాత వాళ్లనూ నియమించడం లేదు. అధ్యక్షుడు, నలుగురు సభ్యులు కలిసి 'కామరా', అంటే మున్సిపాలిటీని నడిపే పాలకవర్గం. వాళ్లను నాలుగేళ్లకోసారి జనమే ఎన్నుకుంటారు. పదివేల ఓటర్లలోపు మున్సిపాలిటీలన్నిటికీ ఇదే సంఖ్య. కింద ఫ్రెగెజియాలు ఉంటాయి, మన పంచాయతీల్లాంటివి. 2013లో అల్కోతిం, పెరైరు అనే రెండు ఫ్రెగెజియాలను కలిపేసి ఐదింటిని నాలుగు చేశారు.

ఆస్తిపన్ను చాలావరకు మున్సిపాలిటీకే వస్తుంది. కేంద్ర నిధుల పంపకంలో జనాభాతో పాటు వైశాల్యం, కొండప్రాంతం కూడా లెక్కిస్తారు. అల్కోతిం లాంటి చోట్లకు అదే ఆధారం.

కందుకూరు రెవెన్యూ:
వైశాల్యం లెక్కించడం చాలా న్యాయం. పది ఇళ్లున్నా అక్కడిదాకా రోడ్డు వేయాల్సిందే కదా. 2022లో కందుకూరును నెల్లూరు జిల్లాలో కలిపినప్పుడు మా పల్లెల పెద్దవాళ్లు అడిగిన మొదటి మాట, 'ఇక అర్జీ పట్టుకుని ఎంత దూరం పోవాలి?' అని. జనం తగ్గారని ఆఫీసు ఎత్తేస్తే మిగిలిన ముసలివాళ్లు ఏమైపోతారు?

పామూరువాసి:
ఫ్రెగెజియా అధ్యక్షులకు పైన ఓటు ఉంటుందా? ఇక్కడ సర్పంచులు మండల సమావేశానికి వస్తారు, కానీ ఓటుండదు. నాకది ఎప్పుడూ బాధే.

ఫారోలో కావలి:
ఉంటుంది సార్. కామరా కాకుండా మున్సిపల్ అసెంబ్లీ అని వేరే సభ ఉంటుంది, అందులో వాళ్లు పదవిరీత్యా సభ్యులు, ఓటుతో సహా. 150 లేదా అంతకన్నా తక్కువ ఓటర్లున్న ఫ్రెగెజియాలో విడిగా సభ ఎన్నికే ఉండదు, ఓటర్లంతా కలిసి కూర్చుని నిర్ణయిస్తారు. కామరా కూడా నెలకు కనీసం ఒక సమావేశం బహిరంగంగా పెట్టాలి. అందులో ఎవరైనా లేచి అడగొచ్చు.