నర్సింగ్‌హోమ్‌లో ఓటీ (ఆపరేషన్ థియేటర్) కిందా, పైనా? వరదకి భయపడాలా, మంటకి భయపడాలా?

గట్టుపక్క మనిషి:
మా బావగారు డాక్టరు. కొత్తపేట వైపు ఏటిగట్టుకి దగ్గర్లో 10 సెంట్ల స్థలంలో నర్సింగ్‌హోమ్ కడుతున్నారు. మొదటి శ్లాబు పడింది, మెట్లు పోశారు. ఓటీ రెండో అంతస్తులో పెట్టాలని ఆయన, కిందే ఉండాలని నేను. 2022 జూలై వరదల్లో లంకల నుంచి గర్భిణుల్ని పడవల మీద తేవడం చూసిన మనిషి ఆయన, అందుకే నీటి భయం. నా భయం మంట. పొట్ట కోసి ఉన్న మనిషిని రెండంతస్తులు ఎలా దించుతారు? తెలిసినవాళ్లు చెప్పండి.

ఆత్రేయపురం కాంట్రాక్టరు:
పైనే పెట్టండి. 1986 వరదకి మా అరుగు మునిగి, మూడు రోజులు డాబా మీద బతికాం. మంట ఎప్పుడో ఒకసారి. గోదారి మాత్రం ఏటా శ్రావణంలో గట్టు మీదికి చూస్తుంది. పైగా కింద ఓపీ జనం, దుమ్ము. పైన ఓటీ శుభ్రంగా ఉంటుంది. లిఫ్టు ఎలాగూ వేస్తారు.

ఓటీ సిస్టర్, అమలాపురం:
లిఫ్టుని నమ్ముకోకండి సార్. నేను 12 ఏళ్లుగా ఓటీలో చేస్తున్నాను. ఇంతకుముందు పనిచేసిన చోట సిజేరియన్ జరుగుతుండగా ఏసీలోంచి ముందు కమురు వాసన, వెంటనే నల్లటి పొగ. బిడ్డని అప్పుడే తీశాం. తల్లికి స్పైనల్ (వెన్నులో మత్తు ఇంజెక్షన్) ఇచ్చారు. అంటే అన్నీ తెలుస్తుంటాయి, కాళ్లు మాత్రం కదలవు. “నా బిడ్డేదండీ” అని ఒకటే అడుగుతోంది. ఎవరో మెయిన్ ఆపేశారు. లైటు పోయింది, లిఫ్టూ ఆగిపోయింది. మేడమ్ ఫోన్ టార్చి వెలుగులో గర్భసంచి కుట్టేసి, పైన తడి గుడ్డలు పరిచి “పదండి” అన్నారు. స్ట్రెచర్ మెట్ల మలుపులో తిరగలేదు. ఆమె కింద ఉన్న దుప్పటి మూలలు నలుగురం పట్టుకుని దించాం. మలుపులో ఖాళీ సిలిండర్లు, ప్లాస్టిక్ కుర్చీలు. వార్డుబాయ్ ముందు నడుస్తూ ఒక్కొక్కటీ లాగి పక్కన పడేస్తుంటే మేం ఆమెని పట్టుకుని అలాగే నిలబడ్డాం. తల్లీబిడ్డా క్షేమం. అది ఒకటో అంతస్తే, 22 మెట్లు. మీ బావగారు రెండో అంతస్తు అంటున్నారు.

రిటైర్డ్ ఫైర్‌మన్:
ఆపరేషన్ మధ్యలో ఉన్న మనిషిని ముందు కిందికి కాదు, పక్కకి తీసుకెళ్లాలి. అదే అంతస్తులో మంటకి ఆగే గోడ, తలుపు అడ్డం పెట్టి, అవతల ఆక్సిజన్ పాయింటు, రెండు మంచాలకి చోటు ఉంచితే అక్కడ కుట్లు పూర్తి చేసుకునే టైం దొరుకుతుంది. దించాల్సి వస్తే ఆ తర్వాత, ర్యాంపు మీద.
ఇక కింద ఏముంటుందన్నదీ ముఖ్యమే. 2011 డిసెంబరులో కోల్‌కతా ఆసుపత్రిలో బేస్‌మెంటులో అంటుకుంటే 90 మంది దాకా పోయారు. ఎక్కువమంది కాలి కాదు, పైకి పాకిన పొగకి ఊపిరాడక. కరెంటు ప్యానెల్, మందుల గోడౌను కింద పెట్టి పైన ఓటీ పెడితే పొయ్యి మీద కుండ పెట్టినట్టే.

మత్తు టెక్నీషియన్, కాకినాడ:
ఓటీ ఏ అంతస్తులో ఉన్నా మంట పేషెంటు ఒంటి మీదే మొదలవ్వొచ్చని మర్చిపోకండి. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం. ముఖానికి, మెడకి ఆపరేషన్ చేసేటప్పుడు మాస్కు నుంచి కారిన ఆక్సిజన్ కప్పిన గుడ్డల కింద చేరి ఆ శాతం పెంచుతుంది. స్పిరిట్ కలిసిన మందు పూసి, ఆరకముందే కాటరీ (కరెంటు వేడితో కోసే, రక్తం ఆపే పరికరం) పెడితే చాలు, అంటుకుంటుంది. కనీసం 3 నిమిషాలు ఆరాలి, వెంట్రుకలున్న చోట గంట దాకా పట్టొచ్చు. డాక్టరుగారు తొందరపెడుతున్నా “ఇంకా ఆరలేదండి” అనే ధైర్యం సిస్టర్‌కి ఉండాలి. మంటలార్పే కార్బన్ డయాక్సైడ్ సిలిండరు ఓటీలోనే ఉంచండి. పౌడరుది వద్దు, కోసిన చోట పడుతుంది. ఆ గదికి వెళ్లే ఆక్సిజన్ వాల్వు ఎక్కడుందో స్వీపర్‌తో సహా అందరికీ తెలియాలి.

ఆత్రేయపురం కాంట్రాక్టరు:
అన్నీ ఒప్పుకుంటాను. కానీ 10 సెంట్లలో స్ట్రెచర్ తిరిగే ర్యాంపు వేస్తే వార్డులో పడకలు పోతాయి. అప్పు తెచ్చి కట్టేవాడికి ఒక్కో పడకా లెక్కే. కింద ఓటీకి నేనిప్పటికీ ఒప్పుకోను.

ఓటీ సిస్టర్, అమలాపురం:
పడకలు పోనివ్వండి సార్. పునాది ఎత్తు పెంచండి, మట్టి తోలించండి. వరదకి ముందు హెచ్చరిక వస్తుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఎంతుందో టీవీలో చెప్తూనే ఉంటారు, పేషెంట్లని ముందే పంపేయొచ్చు. మాకు ఆ రోజు కమురు వాసనకీ పొగకీ మధ్య ఒక్క నిమిషం కూడా లేదు.

గట్టుపక్క మనిషి:
అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం సైటులో నేనే దుప్పటి మీద పడుకుని, నలుగురు మేస్త్రీల్ని మోయమన్నాను. మలుపు దగ్గర నా తల గోడకి తగిలింది, వాళ్లు ఆగిపోయారు. బావగారు ఏమీ అనలేదు. టేపు తెప్పించి మలుపు వెడల్పు కొలిచారు. తర్వాత వెనక వైపుకెళ్లి, ర్యాంపు ఎక్కడ పడుతుందో అడుగులేసి చూశారు.